ఒక రోజు ఆలస్యంగా నవ్విన వీధి

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. మునిసిపాలిటీ హాలు మెట్లెక్కగానే ఎదురుగోడ మీద కనపడే ఆ పెద్ద ఫోటో దొంగ ఫోటో కాదు. ఎవరో పురమాయించి, ఎక్కడి జనాన్నో తోలుకొచ్చి నిలబెట్టి తీసిందీ కాదు. అందులో ఉన్నవాళ్ళంతా ఆ వీధివాళ్ళే. ఆ నవ్వులన్నీ అసలు నవ్వులే. కాకపోతే ఒక రోజు ఆలస్యంగా నవ్వారు, అంతే. ఈమాత్రం దానికి పేపర్లో రాసి, టీ కొట్ల దగ్గర వాదులాడుకుని, సగం ఊరు సగం ఊరితో మాట్లాడ్డం మానేసింది.

ఇంకో మాట కూడా ఉంది. ఆ ఫోటో స్టూడియో ఆయన ఒట్టి మతిమరుపు మనిషనీ, అందుకే ఆయన్ని అందరూ 'మూతాయన' అనేవాళ్ళనీ పెద్దవాళ్ళు చెబుతుంటారు. మూతాయన అన్నమాట నిజమే. మతిమరుపు మాత్రం పచ్చి అబద్ధం. ఆయనకి ఏ గిరాకీ ఏ ఏడు ఏ చొక్కా వేసుకొచ్చి ఫోటో దిగాడో కూడా గుర్తుండేది.

ఈ రెండు సంగతులూ దగ్గరుండి ఎరిగిన మనిషి ఇప్పుడు ఒక్కతే మిగిలింది. రొట్టెల కొట్టు మీద మేడగదిలో ఉంటుంది. ఊళ్ళో అందరికీ బుడ్డమ్మ. చిన్నప్పుడు బుడ్డి. కెమెరాకి ఒక రబ్బరు బుడ్డి వేలాడుతుండేది, దాన్ని నొక్కితేనే ఫోటో పడేది. నడక వచ్చిన రోజు నుంచీ ఆ పిల్ల దాన్ని వదిలితే ఒట్టు, అందుకని ఆ పేరు.

బుడ్డి వాళ్ళది ఇంటిల్లిపాదీ ఫోటోల మీద బతికిన ఇల్లు. ముందుగది స్టూడియో. గోడకి ఒక తెర ఉండేది, దాని మీద చెరువూ, రెండు బాతులూ, ఎక్కడికీ పోని మెట్లూ గీసి ఉండేవి. నాన్న ఫోటో తీసేవాడు. అమ్మ కిటికీ దగ్గర కూచుని, గాజు పలక మీద సన్నటి పెన్సిలుతో మొహాల మీది మచ్చలు చెరిపేసేది. వీధిలో ఎవరికి ఎన్ని మొటిమలో, ఎవరికి ఎన్ని ముడతలో ఆవిడకి లెక్క తెలుసు. అయినా ఎవరికీ చెప్పేది కాదు. అందుకే వీధిలో ఆడవాళ్ళంతా అమ్మతో మంచిగా ఉండేవాళ్ళు. ఇక నాయనమ్మ పని నవ్వించడం. ఫోటోకి కూచోగానే మనుషులు కొయ్యబారిపోతారు కదా. నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "ఏవయ్యా, పెళ్ళి ఫోటోనా, పోలీసులు పట్టుకెళ్ళిన ఫోటోనా? కాస్త పళ్ళు కనపడనీ! ఉన్నాయా, ఊడిపోయాయా?" అనేది. అంతే, నవ్వు. నాన్న టక్కున తీసేసేవాడు.

బుడ్డికి రెండు పనులు. నాన్న నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనకనున్న పాలరంగు అద్దంలో చూసేటప్పుడు తనూ ఆ గుడ్డలో దూరి చూడ్డం మొదటిది. దాన్ని పని అనకూడదు, కానీ బుడ్డి పని అనే అనేది. ఆ అద్దంలో మనుషులు తలకిందులుగా కనపడతారు. కుడివైపు వాళ్ళు ఎడమవైపుకి, ఎడమవైపు వాళ్ళు కుడివైపుకి వచ్చేస్తారు. బుడ్డి పుట్టి బుద్ధెరిగాక వీధి జనాన్ని ముందు చూసింది అలాగే. వీధిలో ఎవరైనా ఎదురైతే నడుం వంచి, కాళ్ళ సందులోంచి చూసి, "ఓ, నువ్వా బాబాయ్!" అనేది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. అమ్మ తలవంచుకునేది.

రెండోది అసలు పని. అప్పట్లో ఫిల్ము చుట్టలు కాదు, గాజు పలకలు. పలకని సన్నటి చెక్కపెట్టెలో పెట్టి, దాన్ని కెమెరా వెనక దోపేవాళ్ళు. పెట్టెకి పైకి లాగే మూత ఒకటి. ఫోటో తీసేముందు ఆ మూత లాగాలి, తీశాక మళ్ళీ మూయాలి. మూత లాగకపోతే పలక మీద ఏమీ పడదు. అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాన్న "మూత?" అని అడగాలి. బుడ్డి "తీశా!" అని చెప్పాలి. అప్పుడుగానీ నాన్న రబ్బరు బుడ్డి నొక్కకూడదు. బళ్ళో ఎక్కాలు చెప్పినా చెప్పకపోయినా, ఈ రెండు మాటలూ ఆ పిల్లకి నిద్దట్లో కూడా వచ్చేవి. అక్కడే కొంప మునిగింది.

అవి పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. విమానాలొస్తాయేమోనని కిటికీలన్నిటికీ నల్లకాగితాలు అంటించమన్నారు. అందరూ తిట్టుకుంటూ అంటించారు. నాన్న ఒక్కడే సంబరపడ్డాడు. "యుద్ధం పుణ్యమా అని ఇల్లంతా చీకటిగదే అయింది. ఫోటోలు ఎక్కడ కడిగినా కడగొచ్చు" అని వంటింట్లో కూడా పలకలు ఆరబెట్టాడు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

అయితే యుద్ధం ముదిరేకొద్దీ పలకలు దొరకడం మానేశాయి. బ్రెడ్డుకీ క్యూ, కిరసనాయిలుకీ క్యూ, పలకలకి ఆ క్యూ కూడా లేదు, అసలు సరుకే లేదు. చివరికి పెద్దసైజు పలకలు రెండే మిగిలాయి. నాన్న వాటిని బట్టలపెట్టె అడుగున, తన పెళ్ళికోటు కింద దాచాడు. గిరాకీలొచ్చి బతిమాలినా తీయలేదు. "ఇవి యుద్ధం అయిపోయిన రోజుకి. ఆ రోజు మన వీధి వీధంతా ఒకే ఫోటోలో పడాలి. మళ్ళీ అలాంటి రోజు రాదు" అనేవాడు. ఎన్నిసార్లు చెప్పాడంటే, సెలూన్ బాబాయి గడ్డాలు గీసేటప్పుడు గిరాకీలకి అదే కబురు చెప్పేవాడు. మునిసిపాలిటీవాళ్ళు కూడా ఆ ఫోటో మాకొకటివ్వండి, హాల్లో పెడతాం అని ముందే చెప్పేశారు.

ఆ రోజు రానే వచ్చింది. సాయంత్రం నాలుగు గంటల వేళ. సెలూన్లో రేడియో గరగరలాడుతోంది. కుర్చీలో పోస్టుమాను కూచున్నాడు, సగం గడ్డం గీయించుకుని. ఉన్నట్టుండి మిల్లు సైరన్ కూసింది, ఆగకుండా కూసింది. సెలూన్ బాబాయి కత్తి చేత్తో పట్టుకునే రోడ్డు మీదకి ఉరికాడు. "అయిపోయింది! అయిపోయింది!" వెనకాలే పోస్టుమాను, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో. ఎదురుకొట్లోంచి రొట్టెలత్త పళ్ళెంతో సహా బయటికొచ్చి, ఎవరు కనపడితే వాళ్ళ నోట్లో రొట్టె కుక్కింది. యుద్ధం మొదలయ్యాక ఆవిడ ఎవరికైనా ఊరికే పెట్టిన మొదటి రొట్టె అదే. నాయనమ్మ కిటికీల మీది నల్లకాగితాలు చించి పోగులు పెట్టింది. "ఒరేయ్, పలకలు తియ్యరా! ఇంకెప్పుడు తీస్తావ్, నేను పోయాకా?" అని కేకేసింది.

నాన్న కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద వీధి మధ్యలో నిలబెట్టాడు. బుడ్డి నల్లగుడ్డలో దూరి, అద్దంలో తలకిందులుగా గెంతుతున్న వీధిని చూసింది. పదేళ్ళ పిల్ల. తను ఎరిగిన ప్రతి మనిషీ ఒకేసారి నవ్వడం అదే మొదటిసారి చూడ్డం. కళ్ళార్పకుండా చూసింది. నాన్న అద్దం పక్కకి తీసి పలకపెట్టె దోపాడు.

"మూత?"

సరిగ్గా అప్పుడే పోస్టుమాను సెలూన్ బాబాయిని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. బుడ్డి రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ కిలకిలా నవ్వుతోంది. నోరు మాత్రం దాని మానాన అది చెప్పేసింది.

"తీశా!"

నాన్న రబ్బరు బుడ్డి నొక్కాడు. "పడింది!" అని అరిచాడు. వీధంతా అరిచింది. బుడ్డి మూత మూయబోయింది. చూస్తే అది మూసే ఉంది.

చెప్పాలనుకుంది. ఈలోగా నాన్నని నలుగురు భుజాల మీదికి ఎత్తేశారు. "అందరికీ తలో కాపీ! హాల్లో ఇంతెత్తుది!" అని ఆయన చేతులు చాపి చూపిస్తున్నాడు. ఆ మొహంలోకి చూసి పిల్ల వెనక్కి తగ్గింది. రొట్టెలత్త పెట్టిన రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

చీకటిగదిలో ఎర్రదీపం కింద నాన్న పళ్ళెంలో పలక వేసి మెల్లగా ఊపుతున్నాడు. ఒక్కమాట ముందు చెప్పి ఉంటే పలకన్నా దక్కేది. పలక మీద వీధి కాదుకదా, ఈగ కూడా రాలేదు. కడిగి చూస్తే కిటికీ అద్దంలాగా తెల్లగా, అవతలున్న నాన్న మొహం కనపడుతోంది. ఆ మొహం చూడగానే బుడ్డి భోరుమంది.

"నేనే నాన్నా. మూత తీయలేదు. తీశానని చెప్పా."

నాన్న చాలాసేపు పలకలోంచి అటూ ఇటూ చూశాడు. కోప్పడతాడనుకుంది. ఆయన అడిగిందొక్కటే.

"ఎప్పుడు తెలిసిందే నీకు?"

"నువ్వు నొక్కగానే."

"అంటే ఇప్పటిదాకా కడుపులో పెట్టుకుని తిరిగావా? రొట్టె కూడా తినలేదా?"

తల అడ్డంగా ఊపింది. నాన్న దాని కళ్ళు తుడవబోయాడు. వేళ్ళకి పలక కడిగే మందు అంటుకుని ఉందని గుర్తొచ్చి, మోచేత్తో తుడిచాడు. "సరే. ఈ సంగతి ఈ గది దాటకూడదు" అన్నాడు.

బయటికొచ్చి వీధిలో అందరికీ చెప్పాడు. "తప్పు నాదే. సంబరంలో మూత తీయడం మర్చిపోయాను." వెంటనే సెలూన్ బాబాయి మొదలెట్టాడు. "నాలుగేళ్ళు పలక దాచావు, మూత తీయడం మర్చిపోయావా? నీ చేతికి కత్తిచ్చి ఉంటే నా గిరాకీల చెవులు మిగిలేవా?" రొట్టెలత్త అందుకుంది. "ఇకనుంచి నీ పేరు మూతాయన!" అదిగో, ఆ పేరు అప్పుడు పడింది. గుమ్మం చాటున నిలబడ్డ బుడ్డికి ఒక్కో నవ్వూ ఒక్కో దెబ్బలా తగిలింది. నాన్న మాత్రం అందరితోపాటు నవ్వుతూ, వెనక్కి తిరిగి దానికేసి కన్నుగీటాడు.

"ఇంకో పలక ఉందిగా" అంది అమ్మ. మామూలుగా నలుగురిలో నోరు విప్పని మనిషి. "యుద్ధం రేపటికి మళ్ళీ మొదలవుతుందా ఏం? రేపు పొద్దున్న అందరూ మళ్ళీ వచ్చి నవ్వండి."

మర్నాడు పొద్దున్నే వీధి వీధంతా దిగింది. నిన్నటి బట్టలే వేసుకుని. కానీ నిన్న ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఒక్కరికీ గుర్తులేదు, అందరూ గెంతడంలో ఉన్నారు కదా. "నాకు తెలుసు" అని బుడ్డి ముందుకొచ్చింది. చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినీ లాక్కెళ్ళి నిలబెట్టింది.

"అదేంటే, నేను నా సెలూన్ ముందు కదా ఉన్నా?" అన్నాడు సెలూన్ బాబాయి.

"కాదు బాబాయ్. రొట్టెల కొట్టు ముందున్నావు. నేను చూశా."

"మరి నేనో?" అంది రొట్టెలత్త.

"నువ్వు సెలూన్ ముందు. పళ్ళెంతో."

"ఏమో తల్లీ, నాకు ఒళ్ళు తెలిస్తేగా నిన్న!"

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పిల్ల చూసింది అద్దంలో. కుడి ఎడమయింది, ఎడమ కుడయింది. తలల్ని మాత్రం సరిగ్గానే పైకి తిప్పుకుంది పాపం, పక్కల సంగతి దానికి తట్టలేదు. పోస్టుమానుదింకో గొడవ. ముందురోజే మిగతా చెంప కూడా గీయించేసుకున్నాడు. గడ్డం ఒక్కరోజులో రాదుగా. "సగం గడ్డం లేకపోతే ఒప్పుకోను" అని బుడ్డి పట్టుబట్టింది. సెలూన్ బాబాయి ఒక చెంపకి దిట్టంగా నురగ పూశాడు.

అంతా సర్దుకున్నాక నాన్న కెమెరా దగ్గరికి వెళ్ళబోయాడు. సెలూన్ బాబాయి ఆయన చొక్కా పట్టుకుని ఆపాడు. "నువ్వా? ఇంకానా? ఉన్నది ఒక్క పలక. నిన్ను నమ్మి మళ్ళీ మూడోరోజు నవ్వే ఓపిక మాకు లేదు. పిల్ల తీస్తుంది. అదే నయం, దానికి అన్నీ గుర్తున్నాయి."

"అవునవును! మూతాయన్ని ఇటు లాగండి!" అంది వీధి.

ఆ ఇంట్లో అందరి ఫోటోలూ ఉన్నాయి, ఆయనది ఒక్కటి లేదు. ఎప్పుడూ నల్లగుడ్డ కిందే కదా ఆయన చోటు. నాయనమ్మ ఎన్నోసార్లు దెప్పేది, "వీధిలో కుక్కకి కూడా ఫోటో ఉంది, నా కొడుక్కి లేదు" అని. ఇప్పుడు ఆ నాయనమ్మే కొడుకుని చెయ్యి పట్టుకుని లాగి, తనకీ అమ్మకీ మధ్యలో నిలబెట్టింది.

బుడ్డి ఎత్తుపీట ఎక్కింది. ఇది కూడా పోతే ఇంక పలక లేదు, నాన్నకి ఫోటో లేదు, జన్మంతా ఆ పేరొక్కటే మిగిలిపోతుంది. పెట్టె దోపింది. "మూత?" అని తనే అడిగింది. "తీశా" అని తనే చెప్పింది. నోటిమాట మీద నమ్మకం పోయి, లాగిన మూతని పళ్ళతో కరిచిపట్టుకుంది. అప్పుడు నాయనమ్మ వరసలోంచే అరిచింది. "ఏవయ్యా పోస్టుమానూ, ఆ చెంప ఎప్పుడు బట్వాడా చేస్తావ్?"

వీధి పగలబడి నవ్వింది. బుడ్డి నొక్కింది.

ఆ ఫోటోయే హాల్లో ఉన్నది. అందరూ కెమెరా వంక చూస్తారు. మధ్యలో ఒకాయన మాత్రం కాస్త పక్కకి చూస్తుంటాడు. ఆయన చూస్తున్నది పళ్ళతో మూత పట్టుకున్న కూతుర్ని.

తర్వాత బతుకంతా బుడ్డి కెమెరా వెనకే గడిచింది. రేషను కార్డుల ఫోటోలు తీసింది, కొత్తగా ఓటొచ్చినవాళ్ళ ఫోటోలు తీసింది, దేశాలు దాటి పోయేవాళ్ళవీ తీసింది. రంగుల ఫిల్ము వచ్చింది, తెర మీద బాతులకి రంగులేయించింది. ఆనక అందరి జేబుల్లోకీ కెమెరాలొచ్చాయి, స్టూడియో మూసింది, నాన్న కెమెరాని మునిసిపాలిటీ హాలుకే ఇచ్చేసింది. మధ్యలో ఎన్నిసార్లు అసలు సంగతి చెప్పేస్తానందో. నాన్న ఒప్పుకునేవాడు కాదు. "నోరు మూసుకోవే. ఆ పేరు పుణ్యానే కదా నేను ఫోటోలో పడ్డాను" అనేవాడు. ఎవరైనా మూతాయనా అని పిలిస్తే చాలు, కూతురికి కన్నుగీటేవాడు. పోయేదాకా గీటాడు.

ఇక ఈమధ్య గొడవ. బళ్ళో కొత్తగా వచ్చిన డ్రాయింగు మాస్టారు ఆ ఫోటోని భూతద్దం పెట్టి చూశాడు. యుద్ధం అయిపోయిన కబురు వచ్చింది సాయంత్రం, నీడలు చూస్తే పొద్దుటివి. సెలూన్ ఆయన రొట్టెల కొట్టు ముందు, రొట్టెలావిడ సెలూన్ ముందు. ఇది కట్టుకథ ఫోటో అని పేపర్లో రాశాడు. చూపున్న కుర్రాడు, తప్పు పట్టడానికి లేదు. హాలుకి సున్నం వేస్తూ, ఆ ఫోటో దించేద్దామనుకున్నారు. రొట్టెలత్త మనవరాలు ఆ కబురు మోసుకుని మేడ మీదకి పరిగెత్తింది. బుడ్డమ్మ ఇంక ఆగలేదు. నాన్న నల్లగుడ్డలో ఏదో చుట్టుకుని, కర్ర పట్టుకుని బయల్దేరింది.

హాల్లో పెద్దమనుషులంతా ఉన్నారు. బుడ్డమ్మ వాళ్ళతో మాట్లాడలేదు. "ఏ బాబూ, నీడలు చూసింది నువ్వేనా? ఇలా రా" అని మాస్టారి చెయ్యి పట్టుకుని, మూలనున్న పాత కెమెరా దగ్గరికి తీసుకెళ్ళి, తను తెచ్చిన నల్లగుడ్డ విప్పి తలమీద కప్పింది. "ఏం కనపడుతోంది?"

"సెక్రటరీగారు కనపడుతున్నారండీ. తలకిందులుగా."

"ఆయనకి కిటికీ ఏ పక్కనుంది?"

"ఎడమ... అరె, కుడిపక్క కదా ఉండాలి!" గుడ్డలోంచి నవ్వు వినపడింది. "అమ్మమ్మా! మీరు ఇందులో చూసి నిలబెట్టారా జనాన్ని?"

"పదేళ్ళదాన్ని నాయనా. నీడలు కూడా నువ్వన్నట్టు పొద్దుటివే. ముందురోజు సాయంత్రం తీసిన ఫోటో ఇదిగో" అని చంకలోని గాజు పలక చూపించింది. ఏమీ లేని తెల్లటి అద్దం. "మూత మర్చిపోయింది మా నాన్న కాదు. నేను. నా కోసం తన మీద వేసుకున్నాడు."

రొట్టెలత్త మనవరాలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయితే మా నాయనమ్మ ఆయన్ని అన్నేళ్ళు ఊరికే ఏడిపించిందా? రేపు పైన కనపడితే ఏం మొహం పెట్టుకుంటుంది?"

అంతే, హాలంతా గొల్లుమంది. బుడ్డమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. అన్నేళ్ళ బరువు దిగిన నవ్వు అది.

ఫోటో దించలేదు. కింద కొత్త చీటీ ఒకటి అంటించారు. రాసింది డ్రాయింగు మాస్టారే. 'యుద్ధం అయిపోయిన మర్నాడు పొద్దున్న. తీసింది బుడ్డి, పదేళ్ళు. మధ్యలో పక్కకి చూస్తున్నది ఆమె నాన్న. ఆయన ఏదీ మర్చిపోలేదు.'

అందుకని ఇకమీదట ఎవరైనా దొంగ ఫోటో అంటే నమ్మకండి. హాలు వైపు వెళితే ఒకసారి పోస్టుమాను చెంప చూడండి. అక్కణ్ణుంచి రొట్టెల కొట్టు ఎంతో దూరం లేదు. పక్కసందులోంచి మెట్లున్నాయి, పదమూడో మెట్టు కాస్త కదులుతుంది, చూసుకుని ఎక్కండి. బుడ్డమ్మకి చెవులు మందం, తలుపు గట్టిగా కొట్టాలి. కిటికీలో ఆ తెల్లటి పలక బిగించి ఉంటుంది, అందులోంచి వీధిని చూస్తూ కూచుంటుంది. మనవాళ్ళంతా పనుల్లో పడి వారానికొకసారి కూడా ఎవరూ ఎక్కడం లేదట. వెళ్ళి, రొట్టె తిన్నావా బుడ్డమ్మా అని అడగండి. ఊరికే తిన్నానంటుంది, ఆ నోటిమాట నమ్మకండి. పళ్ళెం మీద మూత తీసి చూసి మరీ రండి.